పలుగురాయి పక్కన

బంగారం వెతికే ఉద్యోగంలో, కోర్ షెడ్‌లో నేను నేర్చుకున్న మొదటి పని రాళ్లు కడగడం. మాటవరసకు అనడం లేదు, నిజంగా కడగడమే. డ్రిల్లింగ్ మెషిన్ భూమిలోంచి తీసిన రాతి కడ్డీలు, వాటినే కోర్ అంటాం, రేకు పెట్టెల్లో వరసగా పేర్చుకుని వస్తాయి. మణికట్టు కంటే కాస్త సన్నంగా ఉంటాయి. పైనంతా బురద, గ్రీజు. బకెట్ నీళ్లు, స్పాంజి పట్టుకుని ఒక్కో ముక్కా తుడుస్తుంటే అప్పటిదాకా బూడిద కొట్టుకున్నట్టున్న రాయికి రంగు తేలుతుంది. ముదురాకుపచ్చ, మధ్యలో సన్నటి తెల్ల గీతలు, అక్కడక్కడ ఇత్తడి చుక్కలు. ఇరవై రెండేళ్లయింది. తడి కోర్ చూడటం నాకింకా విసుగు పుట్టలేదు.

పద్నాలుగో హోల్, అంటే పద్నాలుగో బోరు, కోర్ నా దగ్గరికి వచ్చేనాటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. మా సీనియర్ సెలవులో ఉన్నారు. లాగింగ్ అంతా నేనే చేయాలి: ఏ లోతులో ఏ రాయి, ఏ రంగు, ఏ పగులు, అన్నీ రాసుకుంటూ, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కోసి ల్యాబ్‌కు పంపాలో ఎర్ర చాక్‌తో గీత గీయాలి. రెండు వందల మీటర్లు దాటాక వచ్చింది పలుగురాయి, అదే క్వార్ట్జ్. మీటరున్నర మేర, పాలలా తెల్లగా. అంతకుముందు పెట్టెల నిండా ఆకుపచ్చ రాయి తప్ప ఏమీ లేదు కాబట్టి అది కనపడగానే నా గుండె ఎలా కొట్టుకుందో చెప్పలేను. బంగారం పలుగురాయిలో ఉంటుందని చదువుకున్న మనిషిని కదా. ఆ మీటరున్నరకు అటు అంచు నుంచి ఇటు అంచు దాకా శ్రద్ధగా గీత గీశాను. దాని పక్కన మూడు మీటర్లు రంగు చెడిన గోధుమరంగు రాయి ఉంది. వానకు నానిన అట్టముక్కలా ఉంది. "రంగు మారింది" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను.

ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. నా తెల్లరాయిలో బంగారం దాదాపు సున్నా. సీనియర్ సెలవు నుంచి వచ్చి నా లాగ్ షీట్ చదివారు. తిట్టలేదు. "రంగు మారింది" అన్నచోట పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన "ఎందుకు?" అని రాసి నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే నా ఉద్యోగంలో సగం గడిచిపోయింది.

ముందు లెక్క చూద్దాం. భూమి పైపొరలో ఏ రాయి తీసుకున్నా అందులో ఎంతో కొంత బంగారం ఉంటుంది. సగటున టన్నుకు ఒకటి నుంచి నాలుగు మిల్లీగ్రాములు. టన్ను రాయి అంటే కొండంత ఊహించుకోకండి, అన్ని వైపులా 72 సెంటీమీటర్లు ఉండే దిమ్మ అంతే. ఆ దిమ్మలో ఉన్న బంగారమంతా ఒకచోటికి చేరిస్తే ఉప్పు రవ్వంత. అదే దిమ్మలో శనగగింజంత బంగారం ఉంటే టన్నుకు 5 గ్రాములు ఉన్నట్టు, లోతుగా తవ్వే గనికి అది మంచి ఖనిజమే. అంటే ఉప్పు రవ్వకూ శనగగింజకూ మధ్య వెయ్యి రెట్లకు పైగా తేడా. ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్న రవ్వల్ని ఎవరో ఏరి ఇక్కడ పోయాలి. ఆ పని చేసింది వేడినీళ్లు.

ఆ నీళ్ల సంగతి తెలియాలంటే 270 కోట్ల ఏళ్లు వెనక్కి వెళ్లాలి. మా పెట్టెల్లోని ఆకుపచ్చ రాయి అప్పుడు సముద్రం అడుగున పారిన లావా. నీళ్లలోకి ఉబికిన లావా పరుపులా పరుచుకోదు. పైన చల్లబడి తోలు కట్టుకుని, గుండ్రటి మూటలై ఒకదాని మీద ఒకటి దొర్లుతుంది. మెత్తగా ఉన్నప్పుడే పడటం వల్ల పై మూట అడుగు భాగం కింది రెండు మూటల సందులోకి తోకలా జారుతుంది. ఈ పిల్లో లావాను కర్ణాటకలోని కోలార్ బెల్ట్‌లోనూ (బెల్ట్ అంటే ఇలాంటి రాళ్ల పొడవాటి వరస), ఆస్ట్రేలియాలో కాల్గూర్లీ చుట్టుపక్కలా, కెనడాలోని అబిటిబిలోనూ చూడొచ్చు. తర్వాత ఎన్ని మడతలు పడి తలకిందులైనా సరే, ఆ తోక ఎటు చూస్తే అది ఒకప్పటి కింది వైపు. పడిపోయిన ఇంట్లో ఏది నేల, ఏది కప్పు అని తెలుసుకోవడం లాంటిది. ఫీల్డ్‌లో మొదటిసారి ఆ తోకను నా అంతట నేను గుర్తుపట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. బంగారం చూసిన రోజు అంత గుర్తు లేదు.

ఆ లావా తర్వాత భూమిలోకి కుంగి, నొక్కుడుపడి, వేడెక్కింది. సముద్రపు నీళ్లు దాని ఖనిజాల్లోకి ఎప్పుడో చేరిపోయాయి. క్లోరైట్, యాక్టినోలైట్, ఎపిడోట్ అన్నీ ఆకుపచ్చవే. గ్రీన్‌స్టోన్ అన్న పేరు వాటివల్లే. క్లోరైట్ తన ఒంట్లో నీటిని దాచుకుంటుంది. రాయి ఇంకా లోతుకు దిగి వేడి 500 డిగ్రీలు చేరేసరికి క్లోరైట్ తట్టుకోలేక విడిపోతుంది, దాచుకున్న నీళ్లు బయటికొస్తాయి. ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజంలోని గంధకం కొంత ఊడి ఆ నీళ్లలో కలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ కూడా తోడవుతుంది. ఉప్పు పెద్దగా లేని, గంధకమున్న వేడి సోడా అనుకోండి. రాతి రేణువుల మధ్య నుంచి చెమటలా ఊరి, ఏదో ఒక పెద్ద పగులు దొరికేదాకా పైకి పాకుతుంది.

ఈ నీళ్లు రూపాంతరం చెందుతున్న రాళ్లలోంచే వచ్చాయా, కింద చల్లబడుతున్న గ్రానైట్ మాగ్మాలోంచి వచ్చాయా, ఇంకా కింద, భూమి పైపొర అడుగున ఉండే మ్యాంటిల్ నుంచా అని పెద్ద తగాదా ఉంది. కాన్ఫరెన్స్‌లలో పెద్దపెద్ద వాళ్లు గొంతులు పెంచుకోవడం చూశాను. గ్రీన్‌స్టోన్ బెల్టుల వరకు నేను మొదటి పక్షమే. అన్ని గనులకూ ఒకే సమాధానం సరిపోతుందని మాత్రం అనుకోను.

బంగారం మామూలు నీళ్లలో కరగదు. ఇక్కడ దానికి గంధకం తోడు కావాలి. ఒక్కో బంగారు అయాన్‌ను గంధకం, హైడ్రోజన్ కలిసిన బైసల్ఫైడ్ అయాన్లు రెండు చెరో చేయి పట్టుకుని తీసుకెళ్తాయి. ఆ చేతులు వదిలించేది ఏదైనా దారిలో ఎదురైతే బంగారం అక్కడే కూలబడుతుంది. అన్నిటికంటే బాగా వదిలించేది ఇనుము. ఇనుము ఎక్కువున్న రాయిలోకి ఈ నీళ్లు ఇంకగానే ఇనుము గంధకాన్ని లాగేసుకుని పైరైట్ అవుతుంది. గంధకం పోయాక బంగారం ఇక కరిగి ఉండలేదు.

సీనియర్ అడిగిన "ఎందుకు?"కు జవాబు ఇదే. పలుగురాయి పట్టీ అంటే నీళ్లు వెళ్లిన దారి. దారిలో సిలికా, అంటే పలుగురాయి పదార్థం, పేరుకుని తెల్లగా మిగిలింది. కానీ నీళ్లు పక్క రాయిలోకి ఇంకిన చోట అసలు మార్పిడి జరిగింది: ఆకుపచ్చ పోయి గోధుమరంగు వచ్చింది, ఇత్తడి చుక్కలు మొలిచాయి. నేను అట్టముక్క అనుకున్న ఆ రాయి తన ఇనుమును గంధకానికి ఇచ్చి బంగారాన్ని పట్టుకున్న రాయి.

దీన్ని కోర్ మీద ఎలా పట్టుకోవాలో ఆయన నాకు నేర్పిన పద్ధతి చెబుతాను, ఏ పుస్తకంలోనూ నాకింత సూటిగా దొరకలేదు. ఒక చేతిలో పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ సీసా, ఇంకో చేతిలో దారానికి కట్టిన చిన్న అయస్కాంతం. పట్టీకి దూరంగా మొదలుపెట్టి కోర్ వెంబడి నడవాలి. దూరంగా ఉన్న ఆకుపచ్చ రాయిలో ఉన్న కార్బనేట్ కాల్సైట్, చుక్క పడగానే బుస్సుమని నురగ వస్తుంది. అయస్కాంతం కూడా మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం వల్ల అటు ఊగుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ నురగ తగ్గుతుంది. ఒకచోట చుక్క పడితే చప్పుడుండదు, అయస్కాంతం కదలదు. రాయి మారిపోయిందన్నమాట. కాల్సైట్ స్థానంలో ఇనుమున్న ఆంకరైట్ చేరింది, దాన్ని మేకుతో గీకి పొడి చేస్తే గానీ యాసిడ్‌కు లొంగదు. మాగ్నటైట్‌లోని ఇనుము పైరైట్‌కూ ఆంకరైట్‌కూ ఖర్చయిపోయింది. నురగ ఆగిన చోట ఎర్ర చాక్ తీయాలి. పలుగురాయి ఇంకా మీటరో రెండు మీటర్లో అవతల ఉండొచ్చు.

ఇంకో గుర్తు ముక్కుకు తెలుస్తుంది. వెండిలా మెరిసే సూదుల్లాంటి ఆర్సెనోపైరైట్ ఉన్న రాయిని సుత్తితో కొడితే వెల్లుల్లి వాసన వస్తుంది. ఆర్సెనిక్ వాసన అది, ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చే సరదా వద్దు. పైరైట్‌ను బంగారమనుకునే పొరపాటు షెడ్‌కు చూడ్డానికొచ్చేవాళ్లు చేస్తారు గానీ మేకు ఉంటే అనుమానం ఉండదు. మేకుతో గుచ్చితే పైరైట్ పొడి అయిపోతుంది, బంగారానికి గుంట పడుతుంది. ఇసుకలో తళుక్కుమనే కాకి బంగారం, అంటే అభ్రకమైతే రేకులుగా విడిపోతుంది. నిజమైన బంగారం కోర్‌లో కంటికి కనపడటం అరుదు. కనిపించినా అంత మెరవదు, ఏ వైపు తిప్పినా ఒకే పసుపు.

పలుగురాయిని మరీ తక్కువ చేశాననిపిస్తోంది. దాని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే భూకంపాల లెక్క దానిలోనే ఉంది. లోతులో, 5 నుంచి 15 కిలోమీటర్ల మధ్య, నీళ్లు పగులు కింద చేరి ఒత్తిడి పెంచుతుంటాయి. పైన మూత బిగుసుకుని ఉంటుంది. ఒక దశలో పగులు జారుతుంది, భూమి కంపిస్తుంది, సందు తెరుచుకుంటుంది. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే మూత తీసిన సోడాలా గ్యాస్ విడిపోతుంది, గంధకం దాంతోపాటు పోతుంది, బంగారం రాలుతుంది, సిలికా గడ్డకట్టి సందు మూసుకుపోతుంది. మళ్లీ ఒత్తిడి, మళ్లీ జారడం. పగుళ్లు కవాటాల్లా పనిచేస్తాయన్న ఈ ఆలోచనను భూగర్భ శాస్త్రవేత్తలు సిబ్సన్, రాబర్ట్, పౌల్సన్ 1988లో వివరంగా రాశారు. నా దగ్గర పేపర్‌వెయిట్‌గా ఒక కోర్ ముక్క ఉంది. 11 సెంటీమీటర్ల పలుగురాయి, అందులో నల్లటి సన్నగీతలు, ప్రతి గీతా పక్కగోడ నుంచి చీలిన రాతి పొర. లెన్స్ పెట్టి లెక్కపెడితే ఒకసారి 43 వచ్చాయి, ఇంకోసారి 46. చీలి అతుక్కోవడం కనీసం అన్నిసార్లు జరిగింది. టెన్షన్‌గా ఉన్న రోజు మళ్లీ లెక్కపెడతాను, అంకె ఎప్పుడూ కలవదు.

పైగా కోలార్‌లో ఛాంపియన్ రీఫ్ అనే పలుగురాయి పట్టీ ఉండగా పలుగురాయిని తీసిపారేయడం కుదరదు. చాలాచోట్ల మీటరు అటూ ఇటూ మందం, అంతే. దాన్ని పట్టుకుని గనివాళ్లు 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. 1880ల నుంచి 2001లో గని మూసేవరకు కోలార్ ఇచ్చిన బంగారం సుమారు 800 టన్నులు. అందులో ఎక్కువ భాగం ఆ సన్నటి పలుగురాయిలోదే, పక్క రాయిలోది కాదు. అదే బెల్ట్‌లో పడమటి వైపు ఉన్న కొన్ని పట్టీల్లో మాత్రం బంగారం సల్ఫైడ్‌లతో కలిసి ఉంటుంది. ఒకే బెల్ట్‌లో రెండు తీర్లు. మా సీనియర్‌తో ఈ మాట అంటే నవ్వి, "కోలార్ చూసి నేర్చుకున్నవాళ్లే మిగతాచోట్ల దెబ్బతింటారు" అన్నారు. కొంచెం అన్యాయంగా అనిపించింది, కానీ పద్నాలుగో హోల్ నా మొహానే ఉంది.

ఇనుము ఎంత పని చేస్తుందో చూడాలంటే అమెరికాలోని హోమ్‌స్టేక్ గని చూడాలి. అది లావా కాదు, సముద్రంలో పేరుకున్న ఇనుప రాయి. చుట్టలు చుట్టినట్టు మడతలు పడింది. ఆ రాయిలోనే బంగారం దిగింది, 1,200 టన్నులకు పైగా. పక్కనే ఉన్న ఇనుము తక్కువ రాళ్లను పెద్దగా పట్టించుకోలేదు. ఒక తమాషా, సంబంధం లేకపోయినా చెబుతాను: న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల కోసం శాస్త్రవేత్తలు దిగిన లోతైన గనుల్లో హోమ్‌స్టేక్, కోలార్ రెండూ ఉన్నాయి. కోలార్‌లో 1965లోనే వాతావరణం నుంచి వచ్చే న్యూట్రినోల జాడ పట్టారు. బంగారం కోసం తీసిన గొయ్యి ఆకాశాన్ని చూడ్డానికి పనికొచ్చింది.

కాల్గూర్లీవాళ్లు నాకంటే పెద్ద పొరపాటు చేశారు, అదో ఊరట. 1893లో అక్కడ బంగారం బయటపడింది. విడిగా ఉన్న బంగారాన్ని ఏరుకుని, ఇత్తడి రంగు రాయిని పనికిరాని పైరైట్ అనుకుని పారబోశారు. రోడ్ల గుంతల్లో కూడా పోశారట. అది బంగారం, టెల్లూరియం కలిసిన కాలవెరైట్. బరువులో రమారమి పదింట నాలుగు వంతులు బంగారమే. కాలిస్తే టెల్లూరియం పొగై పోయి, రాయి మీద బంగారు చుక్కలు చెమటలా పొటమరిస్తాయి. సంగతి తెలిశాక 1896లో చెత్తకుప్పల మీదా రోడ్ల మీదా పడ్డారు.

అవక్షేప శిలల్లో మహారాజు మాత్రం దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్. మనుషులు ఇప్పటిదాకా తవ్వుకున్న బంగారంలో సుమారు నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా ఆ ఒక్క బేసిన్‌దే. 1886లో బయటపడింది. అక్కడ పలుగురాయి పట్టీలు కావు, పలుగు గులకరాళ్లు: 270 నుంచి 290 కోట్ల ఏళ్ల కింద నదులు దొర్లించి తెచ్చి పరిచిన కంకర, గట్టిపడి రాయైంది. బంగారం ఆ గులకరాళ్ల మధ్య ఉంటుంది. నాకు బంగారం కన్నా దాని పక్కనున్న పైరైట్ గింజల మీద ఆశ్చర్యం ఎక్కువ. గుండ్రంగా, నున్నగా ఉంటాయి. ఇవాళ పైరైట్‌ను నదిలో వేస్తే గుండ్రపడే లోపే తుప్పు పట్టి కరిగిపోతుంది. అప్పటి గాల్లో ఆక్సిజన్ దాదాపు లేదు కాబట్టి ఇసుకలా దొర్లుకుంటూ పోయింది. యురేనియం ఖనిజం యురానినైట్ గింజలూ అలాగే గుండ్రంగా ఉన్నాయి.

అక్కడా తగాదా ఉంది. బంగారాన్ని కంకరతోపాటు నది తెచ్చిందా, కంకర రాయైన తర్వాత వేడినీళ్లు తెచ్చాయా? 2002లో కొందరు ఆ బంగారు రేణువులకే, రీనియం అనే మూలకం కాలక్రమంలో ఆస్మియంగా మారే లెక్కతో వయసు కట్టారు. 300 కోట్ల ఏళ్లు వచ్చింది. చుట్టూ ఉన్న కంకర కంటే బంగారమే పాతది. పెట్టెలోని వస్తువు పెట్టె కంటే ముందుది అయితే బయటి నుంచి తెచ్చి పెట్టినట్టే కదా. నదే తెచ్చింది, తర్వాత వేడికి అక్కడక్కడే కొంచెం చోటు మారింది అన్న రాజీ మాట నాకు నచ్చుతుంది. ఆ తర్వాత 202 కోట్ల ఏళ్ల కింద ఉల్క వచ్చి వ్రెడెఫోర్ట్ దగ్గర గుద్దుకుని ఆ పొరల్ని వంచి, మడిచి, కొంత భాగాన్ని గాలివానల కోతకు అందకుండా కింద దాచింది. ఇప్పుడు అక్కడ మనుషులు దాదాపు 4 కిలోమీటర్ల లోతున పని చేస్తున్నారు.

కంటికే కనపడని బంగారం కూడా ఉంది. నెవాడాలో కార్లిన్ దగ్గర 1961లో పట్టుకున్న నిక్షేపంలో అది సున్నపు శిలల మధ్య, ఆర్సెనిక్ పట్టిన పైరైట్ గింజల ఒంట్లో కలిసిపోయి ఉంది. పళ్లెంలో ఎంత కడిగినా రవ్వ కూడా దొరకదు, ల్యాబ్‌కు పంపితేనే తెలుస్తుంది.

ల్యాబ్ అన్నాను కాబట్టి మళ్లీ పద్నాలుగో హోల్ దగ్గరికి వస్తాను. ఆ గోధుమరంగు మూడు మీటర్లను ఆలస్యంగా కోసి పంపాం. సగం ల్యాబ్‌కు, సగం పెట్టెలో సాక్ష్యంగా. ల్యాబ్‌లో రాయిని పిండి చేసి, 50 గ్రాములు తూచి, సీసపు ఆక్సైడ్‌తో కలిపి కొలిమిలో కరిగిస్తారు. బంగారం సీసంతో పోతుంది, సీసాన్ని ఎముక బూడిద మూసలో పీల్చేస్తే గుండుసూది మొన అంత పూస మిగులుతుంది. వెండిని నైట్రిక్ యాసిడ్‌తో తీసేసి ఆ పూసను తూచుతారు. టన్నుకు 6 గ్రాములు దాటింది. నమ్మకం కుదరక మా సీనియర్ మళ్లీ ఇంకో శాంపిల్ పంపమన్నారు, అది 4కి తగ్గింది. బంగారం పిండిలో కూడా సమంగా పరచుకోదు. ఒక్క రవ్వ ఇటు పడితే అంకె ఎగురుతుంది, అటు పడితే దిగుతుంది. ఏది రాయాలి అని అడిగితే రెండూ రాయమన్నారు.

పోయిన నెల పాత పెట్టెలు సర్దుతుంటే అది బయటపడింది. తడి స్పాంజితో తుడిచాను. గోధుమరంగు సగం ముక్కల మీద రంపం పెట్టిన నున్నటి ముఖం, అందులో వెండి సూదులు. దాని పక్కన తెల్లటి పలుగురాయి. నా ఎర్ర చాక్ గీత ఇన్నేళ్లకు వెలిసిపోయింది గానీ కనపడుతోంది, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా, వంకర లేకుండా.